మల్లేశం ఇంటి ముందు చెప్పే మాట

గైడ్ పని అంటే మాట్లాడటమే అనుకుని వచ్చేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. మాట్లాడేవాళ్లకు ఈ జిల్లాల్లో ఏం కరువు? ఏ బస్టాండులోనైనా కాసేపు కూర్చోండి, తెలుస్తుంది. గైడ్ పని అంటే నడవటం, ఆగటం, ఎక్కడ నోరు మూసుకోవాలో తెలుసుకోవటం. ఇన్నేళ్లు నేను చేసింది అదే. మోకాళ్లు మాట వినటం మానేశాక నేనూ పని మానేశాను. ఇప్పుడు కొత్త పిల్లలు ఈ పనిలోకి వస్తూ "పద్మక్కా, మాకేమన్న చెప్పరాదు" అని అడుగుతున్నారు. ఎదురుగా కూర్చోబెట్టి చెబితే మధ్యలో ఫోన్లు చూసుకుంటారు. అందుకే రాస్తున్నాను.

పనేమిటో తెలియనివాళ్ల కోసం ఒక ముక్క. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లోనే తన సినిమాలన్నీ తీసిన దర్శకుడు ఒకరున్నారు. ఆయన పేరు రాయను. ఇక్కడ డైరెక్టర్ సారు అంటే ఆయనొక్కరే. ఆయన సెట్లు వేయలేదు. మా గల్లీల్లో, మా ఇళ్లల్లో, మావాళ్లనే పక్కన నిలబెట్టి తీశారు. ఆ సినిమాలు దేశమంతా ఆడాక "ఆ మెట్లెక్కడ, ఆ గల్లీ ఎక్కడ" అని అడుగుతూ హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి జనం రావటం మొదలైంది. వాళ్లను నడిపించి చూపించటానికి జగిత్యాలలో విఠల్‌రావు సార్ ఒక ఆఫీసు తెరిచారు. ఆయన తాతలు ఒకప్పుడు ఊరి దొరలు, ఆయన మాత్రం వ్యాపారి. నేను ఆయన దగ్గర గైడును. అంతకు ముందు కోరుట్లలో షూటింగ్‌వాళ్లు దిగే లాడ్జిలో కౌంటర్ దగ్గర కూర్చునేదాన్ని. ఏ సీను ఏ గల్లీలో తీశారో, ఏ రోజు హీరోయిన్‌కు జ్వరమొచ్చి షూటింగ్ ఆగిందో నాకు అలా తెలుసు.

జగిత్యాలలో వెనక నడిచాను

జగిత్యాల నడక గడియారం టవర్ దగ్గర మొదలవుతుంది. మొదటి రోజు నేను బడిలో డ్రిల్లు మాస్టారులా అందరికంటే ముందు, చెయ్యెత్తి నడిచాను. విఠల్‌రావు సార్ వెనక వస్తూ అంతా చూశారు. మధ్యలో చాయ తాగేటప్పుడు నన్ను పక్కకు పిలిచారు.

"పద్మా, నువ్వు ముంగట పోతే వాళ్లు నీ వీపు చూస్తరు. ఎనక నడువు. అప్పుడు ఊరును చూస్తరు."

బంగారం లాంటి మాట. ఆ రోజు నుంచి వెనకే నడిచాను. వెనక నడిస్తే ఎవరు గాజుల దుకాణం దగ్గర ఆగారో, ఎవరికి ఎండ పడటం లేదో, ఎవరు భార్యతో గొడవపడి వచ్చారో అన్నీ కనిపిస్తాయి. మలుపు వచ్చినప్పుడు "కుడిపక్కకు" అంటే చాలు. విఠల్‌రావు సార్ గురించి ముందు ముందు కటువుగా రాయబోతున్నాను కాబట్టి, ఈ సంగతి ముందే రాసి పెడుతున్నాను. నడవటం నేర్పింది ఆయనే.

టవర్ వెనక సందులో ఒక హోటలుండేది. డైరెక్టర్ సారు మొదటి సినిమాలో ఇద్దరు స్నేహితులు కిటికీ పక్కన కూర్చుని విడిపోయే సీను అందులోనే తీశారు. నేను గైడునయ్యే నాటికే ఆ హోటలు పోయి సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది. ఒకసారి విజయవాడ నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆ దుకాణం చూసి "మమ్మల్ని ఇంత దూరం రప్పించి చార్జర్లు చూపిస్తారా" అని గట్టిగా అన్నాడు. దుకాణం అతనికి కోపమొచ్చింది. పెద్దాయనకు అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది. నేను ఆయన్ను దుకాణానికి వీపు పెట్టి నిలబడమన్నాను. సినిమాలో ఆ కిటికీలోంచి ఏం కనబడిందో అదే ఎదురుగా కనబడింది. అదే టవర్, అదే వంకర మెట్లు, మెట్ల మీద ఎవరో ఒక ముసలమ్మ. ఆయన తనివితీరా చూశాడు. తర్వాత దుకాణంలోకి వెళ్లి చార్జర్ కొనుక్కున్నాడు.

పిల్లలూ, చోటు పోయినప్పుడు ఫొటో తీసి చూపించకండి. ఆ చోటు నుంచి ఏం కనబడేదో అది చూపించండి.

సిరిసిల్లలో ముఖాలు

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. సాంచాలు నడుస్తున్న షెడ్డులో గైడ్ గొంతు పనికి రాదు. కొత్తల్లో నేను అరిచి చెప్పి రెండు రోజులు గొంతు బొంగురుపోయి తిరిగాను. తర్వాత తెలివొచ్చింది. షెడ్డు బయటే చెప్పాల్సింది చెప్పేసి, లోపల ఒక్క ముక్క మాట్లాడేదాన్ని కాదు. డైరెక్టర్ సారు కూడా ఈ షెడ్డులో తీసిన సీనులో పాట పెట్టలేదు, చప్పుడే వదిలేశారు.

నేతన్న కష్టాల సినిమా చూసి వచ్చేవాళ్లు కన్నీళ్లు ముందే సిద్ధం చేసుకుని వస్తారు. ఒకసారి కరెంటు పోయి సాంచాలు ఆగినప్పుడు, పెద్ద కెమెరా మెడలో వేసుకున్న ఒక మేడం, సాంచాల మీద పనిచేసే కనకయ్యను నిలబెట్టి "కొంచెం బాధగా పెట్టండి ముఖం" అంది. కనకయ్య ఆ సినిమాలో వెనక నిలబడ్డవాళ్లలో ఒకడు. దారం ముడి వేస్తూనే అన్నాడు.

"బాధ గావాల్నంటే జర ఆగుండ్రి మేడం. మా ఆసామి అచ్చే యాళ్లయింది."

ఆసామి అంటే సాంచాల యజమాని. పక్క సాంచా మీదున్నవాళ్లు పడీపడీ నవ్వారు. ఆ మేడం కూడా నవ్వేసి, నవ్వుతున్న కనకయ్యనే ఫొటో తీసుకుంది. నా లెక్కలో ఆ రోజు ఆమె సిరిసిల్లను చూసింది. సినిమాలో ఏడ్చినవాళ్లు సీను అయిపోగానే ఇంటికి వెళ్లి అన్నం తిన్నారు. మనం వెళ్లి వాళ్లను మళ్లీ ఏడవమనటం ఏం మర్యాద?

కోరుట్లలో గోడ మీది మనిషి

ఇక నేను అసలు రాయాలనుకున్న ఇల్లు.

కోరుట్లలో గల్ఫ్‌కు పోని ఇల్లు వెతకాలి. డైరెక్టర్ సారు అందరికంటే పేరు తెచ్చుకున్న సినిమా ఆ గల్ఫ్ కుటుంబాల మీదే. అందులో హీరో తండ్రి ఎడారిలో చనిపోతాడు. తల్లి గోడ మీది ఫొటో ముందు కూర్చుని ఒక్క మాట లేకుండా ఏడుస్తుంది. ఆ సీను చూసి ఏడవనివాళ్లు లేరు. అది తీసింది రాజవ్వ ఇంట్లో.

రాజవ్వ బీడీలు చేస్తుంది. భర్త మల్లేశం మస్కట్‌లో ఉండేవాడు. షూటింగ్ కోసం ఇల్లడిగితే తాళంచెవి ఇచ్చి, బిడ్డను తీసుకుని మేడిపల్లిలోని తల్లిగారింటికి వెళ్లింది. ముందు గదిలో మల్లేశం ఫొటో ఉంది. మస్కట్‌లో స్టూడియోలో దిగి పంపిన పెద్ద ఫొటో, నల్ల కళ్లద్దాలతో. సీనుకు చనిపోయినాయన ఫొటో కావాలి. పట్నం నుంచి వచ్చిన ఆర్టు అసిస్టెంటు గోడ చూశాడు. ఒక మగమనిషి, ఒక్కడే, గోడ నడిమధ్యన, ఎత్తుగా ఉన్నాడు. పోయినాయనే అనుకున్నాడు. గంధం పూసల దండ వేసి, బొట్టు పెట్టి, కింద ఎర్ర బల్బు వెలిగించాడు. కాదని చెప్పటానికి ఇంట్లో ఎవరూ లేరు. కోరుట్లలో బతికున్న మగవాళ్లు కూడా గోడ మీదే ఉంటారని అతనికి ఎలా తెలుస్తుంది?

సినిమా వచ్చినప్పుడు తన ఇల్లు చూసుకుందామని రాజవ్వ వాడకట్టువాళ్లను వెంటబెట్టుకుని థియేటరుకు పోయింది. దండ వేసిన మొగుణ్ని తెర మీద అంత పెద్దగా చూసింది. మధ్యలోనే లేచి ఇంటికొచ్చి తల మీద నీళ్లు పోసుకుంది. ఫొటో తీసి బీరువాలో పెట్టింది. పక్కింటామె ఊరుకోబెట్టటానికి "గిట్లయితే ఆయుష్షు పెరుగుతదంటరు" అంటే రాజవ్వ ఏమన్నదో గల్లీ అంతా చెప్పుకున్నారు.

"ఆయుష్షు సంగతి నాకు తెల్వది. రేపటి సంది నా మొకం అందరు ఎట్ల చూస్తరో గది నాకెర్కే."

అన్నట్టే అయింది. బడిలో బిడ్డను "మీ నాయిన సచ్చిపోయిండట" అని ఏడిపించారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. నేను మొదటిసారి జనాన్ని తీసుకెళ్లిన రోజు రాజవ్వ గడప పక్కన చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తోంది. నుదుట బొట్టుంది, మెడలో పుస్తెలున్నాయి, కాళ్లకు మట్టెలున్నాయి. మా గుంపులో ఒకాయన వంగి, ఎంతో జాలిగా అడిగాడు.

"అమ్మా, ఆ చనిపోయినాయన భార్య మీరేనా?"

రాజవ్వ కత్తెర ఆపింది. అతని వైపు చూడలేదు, నా వైపు చూసింది.

"అక్కా, గీళ్లను నువ్వే తోలుకచ్చినవా?"

"అవు చెల్లె."

"మల్ల తోలుకరాకు."

తలుపు మూసుకుంది. మా గుంపు బయటి నుంచి ఆ తలుపును ఫొటోలు తీసుకున్నారు. నాకు అక్కడే భూమిలోకి పోవాలనిపించింది.

మర్నాడు ఒక్కదాన్నే వెళ్లి గడప మీద కూర్చున్నాను. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. ఉన్నదున్నట్టు చెప్పాను. గల్లీ సర్కారుది, వచ్చేవాళ్లను ఎవరూ ఆపలేరు, నేను మానేస్తే ఇంకొకరు తీసుకొస్తారు. వాళ్లు వచ్చినప్పుడు ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో నువ్వే చెప్పు అన్నాను. రాజవ్వ బీడీ చుడుతూ ఆలోచించింది.

"అయితే ఫస్టు ఆయన పేరు జెప్పు. ఉన్నడని జెప్పు. లోపట ఉన్న నాకు ఇనవడాలె. ఇన్నోళ్లు ఊకె తలకాయ ఊపుడు గాదు, నోటితోని అనాలె."

"ఏమని అనాలె?"

"సల్లంగ ఉండాలె అని."

అలా మొదలైంది. ఆ ఇంటి ముందు ఆగగానే సినిమా మాట ఎత్తకముందే నేను గట్టిగా చెప్పేదాన్ని. "గీ ఇంటాయన పేరు మల్లేశం. మస్కట్‌ల ఉన్నడు. సల్లంగ ఉన్నడు." గుంపంతా "సల్లంగ ఉండాలె" అనేవాళ్లు. తెలుగు రానివాళ్లకు ముందే నేర్పేదాన్ని. బెంగళూరువాళ్లు ఆ మాట ఎన్ని వంకర్లు తిప్పినా ఒప్పుకునేదాన్ని, అనకుండా ఉంటే మాత్రం ఒప్పుకునేదాన్ని కాదు. నేను మొదలుపెట్టగానే తలుపు లోపల కత్తెర చప్పుడు ఆగేది. అందరూ అన్నాక మళ్లీ మొదలయ్యేది. రాజవ్వ విన్నదని నాకు గుర్తు అదే.

సీను ఎవరిది, మొగుడు ఎవరివాడు

విఠల్‌రావు సార్‌కు ఇది నచ్చలేదు. ఆఫీసుకు పిలిపించారు.

"పద్మా, జనం ఆ ఇంటికి ఏడ్వనీకె అస్తరు. నువ్వు ముందుగాలనే బతికున్నడని చెప్తే సీను ఖరాబైతది."

"సీను మీది సార్. మొగడు ఆమెవాడు."

"మన పని సినిమా చూపెట్టుడు."

"గా ఇల్లు సినిమా కాదు సార్. ఆమె ఇల్లు."

కోరుట్ల నడక వేరే గైడుకు ఇస్తానన్నారు. ఇచ్చారు కూడా. ఆ గైడు మంచివాడే, కానీ సార్ చెప్పినట్టు మాట చెప్పకుండా నేరుగా సినిమాలోకి పోయాడు. ఆ రోజు గుంపులో ఒకామె, అంతకు ముందు నాతో వచ్చిన తన అక్క దగ్గర విని ఉంది. "ఇక్కడ ఏదో అనాలట కదా, అది అనకుండా మేం కదలం" అని నిలబడిపోయింది. గైడుకు ఆ మాట రాదు. చివరికి పక్కింటామె వచ్చి అనిపించింది. వారం తిరక్కుండా కోరుట్ల నడక మళ్లీ నా చేతికొచ్చింది.

విఠల్‌రావు సార్ చెడ్డవాడు కాదు. కథ ఎవరు చెబితే ఇల్లు వాళ్లదనుకునే అలవాటు ఆయనది. మా ప్రాంతంలో ఆ అలవాటు పాతదే. ఈ పనిలోకి వచ్చేవాళ్లకు అదే మొదట వదలాలి.

ఫోన్ రాని రోజులు

మల్లేశం కంపెనీ వదిలి బయట పనిచేస్తున్నాడని, కాగితాలు లేవని గల్లీలో అందరికీ తెలుసు. అలాంటివాళ్లను ఖల్లివెల్లి అంటారు. పట్టుబడితే జైలు, పట్టుబడకపోయినా ఇంటికి రాలేరు. ఫోన్ మాత్రం వచ్చేది.

ఒక వానాకాలం నేను మాట చెప్పేటప్పుడు లోపల కత్తెర ఆగటం కాదు, అసలు వినబడనే లేదు. వరసగా కొన్నిసార్లు అలాగే అయింది. గుంపును పంపేసి తలుపు కొట్టాను. రాజవ్వ చాట ముందు ఖాళీ చేతులతో కూర్చుని ఉంది.

"ఫోన్ అస్తలేదక్కా. ఎవ్వలనడిగినా తెల్వదంటున్నరు."

"మరి మాట ఆపాల్నా?"

"ఆపకు. నువ్వు ఆపితే గల్లంత ఏమనుకుంటది? నా బిడ్డ ఏమనుకుంటది?"

ఆపలేదు. పండగలు వచ్చాయి, పోయాయి, ఫోన్ రాలేదు. ప్రతి గుంపు ముందూ "సల్లంగ ఉన్నడు" అంటూనే ఉన్నాను. విఠల్‌రావు సార్ ఈసారి కోపంగా కాదు, మెల్లగానే అడిగారు.

"ఉన్నడో లేడో తెల్వకుంట ఎట్ల చెప్తవ్ పద్మా? గైడంటే తెలిసిందే చెప్పాలె."

నిజమే. అది గైడ్ పనిలో మొదటి నియమం, మీకూ అదే చెబుతాను. ఆ ఒక్క గడప ముందు మాత్రం నాకు తెలియనిదే చెప్పాను. దానికి నేను ఈ రోజుకూ సిగ్గుపడను.

ఆ రోజుల్లోనే డైరెక్టర్ సారు వచ్చారు. పెద్దవారైపోయారు, చేతికర్ర వచ్చింది. తన సినిమాల వెంట జనం ఎలా నడుస్తున్నారో చూద్దామని వచ్చారట. విఠల్‌రావు సార్ కాలు నిలవకుండా ముందూ వెనకా తిరిగారు. రాజవ్వ ఇంటి ముందు నేను ఎప్పటిలా మాట చెప్పాను, గుంపు పలికింది. డైరెక్టర్ సారు పలకలేదు.

"ఈ మల్లేశం ఎవరమ్మా?" అని అడిగారు.

ఆయనకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. నేను చెప్పాను, దండ సంగతి, బల్బు సంగతి, అన్నీ. చెబుతుండగానే తలుపు సగం తెరుచుకుంది.

"డైరెక్టర్ సారేనా?" అంది రాజవ్వ. "సారూ, మీ సినిమాల మా ఆయనకు దండేసిండ్రు. గది తియ్యొస్తదా?"

విఠల్‌రావు సార్ "అమ్మా, సారు పెద్దమనిషి" అని అందుకోబోయారు. డైరెక్టర్ సారు చెయ్యెత్తి ఆపారు.

"తీయలేనమ్మా. ఆ సినిమా నా చేతిలోంచి ఎప్పుడో పోయింది. ఆ రోజు ఆ ఫొటో ఎవరిదని నేను అడగాల్సింది."

చెప్పులు విడిచారు. కర్ర గోడకు ఆనించి, నన్ను మళ్లీ చెప్పమన్నారు. నేను చెప్పాను. ఆయన ఒక్కరే, మా యాసలో, గల్లీ చివరి దాకా వినబడేలా "సల్లంగ ఉండాలె" అన్నారు. రాజవ్వ కొంగుతో కళ్లొత్తుకుంది. తలుపు మెల్లగా మూసుకుంది. పెద్దపెద్దవాళ్లు క్షమాపణలు చెప్పటం టీవీలో చూశాను గానీ, ఇంత చక్కగా చెప్పటం చూడలేదు.

ఇంట్ల

నేను పని మానేసే ముందు చివరి చలికాలం అది. మస్కట్‌లో సర్కారు కాగితాలు లేనివాళ్లకు మాఫీ ఇచ్చిందని, కొందరు తిరిగి వస్తున్నారని కోరుట్లలో అనుకుంటున్నారు. మెట్‌పల్లి వైపు ఎవరో వచ్చారని కూడా విన్నాను. రాజవ్వ నాతో ఏమీ అనలేదు, నేనూ అడగలేదు. అడిగి లేదనిపించుకోవటానికి ధైర్యం చాలలేదు.

ఆ రోజు కాలేజీ పిల్లల గుంపు. పొద్దున జగిత్యాల చూపించి, బస్సులో కోరుట్ల తీసుకొచ్చాను. గల్లీ మలుపు దగ్గరే వాళ్లకు మాట నేర్పాను. రాజవ్వ తలుపు ఎప్పటిలాగే దగ్గరగా వేసి ఉంది. లోపల కత్తెర చప్పుడవుతోంది. చాలా కాలం తర్వాత విని నాకు ప్రాణం లేచొచ్చింది. నిలబడి గట్టిగా చెప్పాను.

"గీ ఇంటాయన పేరు మల్లేశం. మస్కట్‌ల ఉన్నడు. సల్లంగ ఉన్నడు."

పిల్లలు నోరు తెరవకముందే లోపలి నుంచి ఒక మగగొంతు పలికింది.

"ఉన్న."

తలుపు తెరుచుకుంది. గడపలో లుంగీ కట్టుకున్న సన్నటి మనిషి నిలబడి ఉన్నాడు. జుట్టంతా నెరిసిపోయింది, ఫొటోలోని నల్ల కళ్లద్దాల మనిషి జాడే లేదు. వెనక గోడ మీద ఆ ఫొటో మళ్లీ మేకుకు వేలాడుతోంది. దాని కింద రాజవ్వ చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. నా మొహం చూసి ఆమెకు నవ్వాగటం లేదు. కావాలనే చెప్పలేదని అప్పుడర్థమైంది. ఇన్నేళ్లు తలుపు వెనక తను విన్న మాటను మొగుడి చెవిన వేయాలని చూసింది.

మల్లేశం పిల్లలందరి వైపూ ఒకసారి చూసి నాకు దండం పెట్టాడు.

"అక్కా, ఇగ మస్కట్‌ల అని చెప్పకుండ్రి. ఇంట్ల ఉన్నడని చెప్పుండ్రి."

నేను పెద్దగా చదువుకోలేదు. నాకు శాలువాలు కప్పినవాళ్లు లేరు. ఈ పనిలో గర్వపడటానికి ఏం మిగిలిందని ఎవరైనా అడిగితే, ఆ గడప ముందు ఒక్క మాట మార్చి చెప్పగలగటం మిగిలిందంటాను. కొత్తగా వచ్చే పిల్లలూ, మీరూ అలాగే చెప్పాలి. నేను ఆ రోజు కళ్లు తుడుచుకుని, వీలైనంత గట్టిగా మళ్లీ చెప్పాను.

"గీ ఇంటాయన పేరు మల్లేశం. ఇంట్ల ఉన్నడు. సల్లంగ ఉన్నడు."

పిల్లలంతా ఒక్క గొంతుతో "సల్లంగ ఉండాలె" అన్నారు. మొదటిసారి, లోపల కత్తెర చప్పుడు ఆగలేదు.